నోట్లో తాళంచెవి

శనివారం

కుడివైపు కింద, చివరి దవడపన్ను. నిన్నటివరకూ అదొకటుందని కూడా నాకు గుర్తులేదు. ఇవాళ ఒంట్లో ఇంకేమీ లేనట్టు అదొక్కటే ఉంది.

మా ఆయన టార్చి వేసి చూశారు. బళ్ళో డ్రిల్లు మాస్టారు కదా, "తెరు! ఇంకా తెరు! ఆపు! మూయ్!" అని ఆజ్ఞలిచ్చి, చివరికి "పుచ్చింది" అన్నారు. ఆ ముక్క నాకు టార్చి లేకుండానే తెలుసు.

ఈ సమయంలో పన్ను నొప్పి రావడానికి వీల్లేదు. కాబట్టి రాలేదు. లవంగం పెట్టుకుని పడుకుంటున్నాను.

ఆదివారం

వచ్చింది.

సోమవారం

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వేరు దగ్గర చీము పట్టిందట. ముందు వాపు తగ్గాలి, తర్వాత రూట్ కెనాల్. పెన్సిలిన్ పడుతుందా అని అడిగి రెండు రకాల మందులు రాశాడు. ఒకటి అమాక్సిసిల్లిన్, లావుపాటి గొట్టం మాత్ర. ఇంకోటి మెట్రోనిడజోల్, అమాయకంగా కనిపించే తెల్ల బిళ్ళ.

"ఈ తెల్లది వాడినన్నాళ్ళూ మందు ముట్టకూడదు" అన్నాడు డాక్టరు.

"ఆవిడ ముట్టదండీ. నేను ముట్టొచ్చా?" అన్నారు మా ఆయన.

"నోరు కొంచెం చేదుగా అనిపించొచ్చు. తగ్గిందని మధ్యలో మాత్రం ఆపెయ్యకండి."

కొంచెం అన్నాడు. నేనేం పని చేస్తానో అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను టీ కంపెనీలో టేస్టర్ని. ఇన్నేళ్ళుగా మా ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నది నా నాలుక. ఒక్క గుక్క జుర్రి, ఆకు ఏ కొండమీదిదో, ఏ నెలలో కోశారో, ఆరబెట్టినవాడు ఎంతసేపు కునుకు తీశాడో చెప్పగలను. (కునుకు సంగతి ఒక్కసారే చెప్పాను. అది నిజమని తేలింది.)

మా కంపెనీ పెద్ద టేస్టరు, మేం పెద్దాయన అంటాం, కుర్చీ దిగిపోతున్నాడు. ఆ కుర్చీ నాకు రావాలి, లేదా తుమ్మెదకి వెళ్ళాలి. తుమ్మెద అంటే నా పక్కన నిలబడి టీ జుర్రే ఇంకో టేస్టరు. బావున్న టీ తగిలితే గొంతులో ఝుమ్మంటాడు, అందుకని ఆఫీసంతా ఆ పేరే పెట్టాం. మనిషి మంచివాడే. ఆ కుర్చీ దగ్గర మాత్రం కాదు.

పెద్దాయన ఇవాళ ఇద్దర్నీ పిలిచి, "అమ్మాయ్, అబ్బాయ్" అన్నాడు. ఇద్దరికీ యాభై దాటాయి. "హోటళ్ళావిడ వచ్చే బుధవారం వస్తోంది. ఆవిడ హోటళ్ళన్నిటికీ ఒకటే టీ కావాలట. ఏది పైన పెట్టాలో మీరిద్దరే తేల్చండి. నేను చెంచా ముట్టను. మీ నాలుకలు చూశాకే కుర్చీ సంగతి."

మొదటి మోతాదు వేసుకున్నాను. నోరు బ్రహ్మాండంగా ఉంది. కొంతమందికి దుష్ఫలితాలు ఉండవు. నేను ఆ కొంతమందిలో ఉన్నాను.

మంగళవారం

అక్క ఫోను. మా అక్క మెడికల్ కాలేజీలో మందుల పాఠం చెప్పేది. ఉద్యోగం వదిలినా పాఠం వదల్లేదు. మందుల పేర్లు చెప్పానో లేదో మొదలుపెట్టింది.

"బాక్టీరియా అంటే అద్దెకు దిగి ఖాళీ చెయ్యని సంసారం అనుకో. వాళ్ళని వెళ్ళగొట్టడానికి మూడు దారులు. పెన్సిలిన్ జాతి, దాని చెల్లెళ్ళు సెఫలోస్పోరిన్లు, గోడ కట్టనివ్వవు. గోడ లేని ఇల్లు ఒత్తిడికి పటేల్మని పగులుతుంది. ఎరిత్రోమైసిన్ జాతి, టెట్రాసైక్లిన్ జాతి వంటింటికి తాళం వేస్తాయి. లోపల ప్రోటీన్లు వండుకోలేక మాడతారు. మూడోరకం ఆ సంసారం తాలూకు వంశపత్రం చించేస్తుంది, డీఎన్ఏ అన్నమాట. క్వినలోన్లదీ అదే బాపతు, నీ తెల్ల బిళ్ళదీ అదే బాపతు. పైగా నీ బిళ్ళ గాలి ఆడని మూలల్లో దాక్కున్నవాళ్ళని వెతికి పట్టుకుంటుంది. చీము మూలలు దానికి సరిగ్గా సరిపోతాయి."

"మరి నా మీద పడదా?"

"పడకుండా ఉంటుందా? ఇంట్లో దొంగ కోసం వచ్చిన పోలీసు గుమ్మంలో ఉన్న చుట్టానికీ ఒకటి వేస్తాడు. పేగుల్లో మంచి బాక్టీరియా పోయి విరేచనాలు పడతాయి. క్వినలోన్లు మడమ వెనక స్నాయువు మీద పగబడతాయి. టెట్రాసైక్లిన్లు మింగి ఎండలో తిరిగితే ఒళ్ళు కాలుతుంది. నీకేం, అదృష్టవంతురాలివి. నీది రుచితో పోతుంది."

"రుచి పోతే నాకింకేం మిగుల్తుందక్కా?"

"పళ్ళు మిగుల్తాయే!"

బుధవారం

నోట్లో తాళంచెవి పెట్టుకుని తిరుగుతున్నట్టుంది. మంచినీళ్ళు తాగితే ఇనుము. అన్నం ఇనుము. గాలి పీలిస్తే కూడా ఇనుమే.

మా ఆయన పొద్దున ఇచ్చిన టీ తాగి "అద్భుతం" అన్నాను. ఏమనాలో తెలియక. ఆయన పొంగిపోయి ఇంకో గ్లాసు పోశారు.

గురువారం

ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి, ఎందుకంటే చాలా తెలివిగా నెట్టుకొచ్చాను.

బల్ల మీద తెల్ల కప్పులు వరసగా. వేడినీళ్ళు పోసి, మూత పెట్టి, వడకట్టి, పక్కన ఉడికిన ఆకు పరిచి ఉంచారు. నేను ఈ చివర, తుమ్మెద ఆ చివర. పెద్దాయన పొట్టమీద చేతులు వేసుకుని కుర్చీలో, కళ్ళు మూసుకుని ఉన్నాడు, నిద్ర కాదు. ఆయన చెవులతో చూస్తాడు.

మొదటి కప్పు: ఇనుము. రెండోది: ఇనుము. మూడోది: ఇంకాస్త ఇనుము. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. రంగు చూస్తే తెలుస్తుంది కదా. ఆకు ముడి చూస్తే తెలుస్తుంది కదా. వాసన ఉండనే ఉంది. నిజానికి టీలో రుచి పాత్ర మనం అనుకున్నంత లేదు. ఇన్నేళ్ళూ నాలుకకి అనవసరంగా పెద్దపీట వేశాను.

అయినా ఎందుకైనా మంచిదని తుమ్మెదని ఓ కంట కనిపెట్టాను. ఝుమ్మనడం లేదు. వారం మొదలైనప్పట్నుంచీ లేదు. కుర్చీ కోసం జాగ్రత్తపడుతున్నాడు, తన అంచనా నాకు తెలియనివ్వకూడదని. గొంతు మూసుకున్నాడు గానీ మొహం ఎలా మూసుకుంటాడు?

నాలుగో కప్పు దగ్గర పన్ను ఒక్కసారి సలిపింది. ప్రాణం గిలగిల్లాడి తలెత్తేసరికి తుమ్మెద నావైపే చూస్తున్నాడు. అతని కుడి కనుబొమ పైకి లేచింది. ఓహో! ఈ టీలో ఏదో ఉంది అన్నమాట. నేను మళ్ళీ జుర్రాను, నిదానంగా, కళ్ళు మూసి. తల ఊపాను. అతనూ తల ఊపాడు. ఇంకేం కావాలి?

ఇద్దరం విడివిడిగా చీటీలు రాసిచ్చాం. రెండింటిలోనూ నాలుగో కప్పే పైన. పెద్దాయన కళ్ళు తెరిచాడు. "మీ ఇద్దరూ ఒక్కదాని మీద ఒప్పుకోవడం నా జన్మలో చూడలేదు" అన్నాడు. కళ్ళు చెమర్చాయి కూడా.

నేను "దీన్లో లోతు ఉందండీ" అన్నాను.

తుమ్మెద "గాంభీర్యం" అన్నాడు.

శుక్రవారం

వాపు పూర్తిగా తగ్గింది. నొప్పి లేదు. ఒకప్పుడు నొప్పి ఉండేదంటే నాకే నమ్మకం కలగడం లేదు.

మధ్యాహ్నం మోతాదు పొరపాటున మర్చిపోయాను.

శనివారం

ఇవాళ కూడా పొరపాటున మర్చిపోయాను. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. వయసు మీద పడుతోంది, మతిమరుపు సహజం. రెండు పట్టీలూ కళ్ళ ముందు ఉంటే మనసుకి ఇబ్బందిగా ఉండి అలమరలో చీరల వెనక పెట్టాను.

ఆదివారం

రుచి వచ్చేసింది! మంచినీళ్ళు మంచినీళ్ళలా ఉన్నాయి! లేచి మొహం కడుక్కుని టీ తాగాను. ఆయన టీలో పంచదార ఎంత వేస్తారో ఇవాళ మళ్ళీ తెలిసింది. అయినా రెండు గ్లాసులు తాగాను.

మా ఆయనకి జలుబు. పొద్దున్నుంచీ తుమ్ములు. భోజనాలయ్యాక చూస్తే నా గొట్టాల పట్టీ ఆయన చేతిలో ఉంది, అందులో రెండు లేవు.

"చీరల వెనక ఏం చేస్తున్నారు?" అన్నాను.

"రుమాలు వెతుకుతున్నా. ఇవెందుకున్నాయి అక్కడ?"

నేను జవాబు చెప్పేలోగా అక్క ఫోను. ఆయన తుమ్ము ఆవిడకి వినిపించింది. బలం కోసం రెండు అమాక్సిసిల్లిన్లు వేసుకున్నానని ఈయన గొప్పగా చెప్పారు.

"మరిదిగారూ, జలుబు వైరస్ అండీ! వైరస్‌కి గోడా లేదు, వంటిల్లూ లేదు. పరాయి ఇంట్లో దూరి వాళ్ళ పొయ్యి మీదే వండుకు తినే రకం. గోడ లేనివాడికి గోడ కూల్చే మందు వేసి ఏం లాభం? మీ జలుబు అలాగే ఉంటుంది, మీ పొట్ట మాత్రం ఖాళీ అవుతుంది."

సాయంత్రానికి ఆవిడ మాట నిజమైంది. బాత్రూము తలుపు మీద ఈయనకి శాశ్వత హక్కు వచ్చింది.

తర్వాత ఫోను నాకిమ్మంది. "మందు ఎందుకు మిగిలింది?"

"తగ్గిపోయింది కదా అని..."

"ఏరు దాటి తెప్ప తగలేశావా? నువ్వింకా ఏరు మధ్యలోనే ఉన్నావే! చచ్చింది బక్కవాళ్ళు. మిగిలినవాళ్ళు మొండివాళ్ళు. ఆ చీము మూలని ఇంకా ఎవరూ శుభ్రం చెయ్యలేదు కూడా. ఇప్పుడు వాళ్ళు తీరిగ్గా పిల్లల్ని కంటారు."

అక్క ప్రతిదీ భూతద్దంలో చూస్తుంది. అది ఆవిడ వృత్తి.

సోమవారం

చెంప బూరలా ఉంది. అద్దంలో ఎవరో తెలియని మనిషి. పిల్లలకి చూపించి భయపెట్టడానికి బళ్ళోకి తీసుకెళ్తానన్నారు మా ఆయన, బాత్రూములోంచే.

పళ్ళ డాక్టరు "అన్నీ వేసుకున్నారా?" అన్నాడు.

"దాదాపు."

ఆయన సూది అందుకున్నాడు. చీము తీసేటప్పుడు కాస్త ఎక్కువ గుచ్చాడనిపించింది గానీ నేను అన్యాయంగా మాట్లాడకూడదు. ఈసారి అమాక్సిసిల్లిన్‌కి క్లావులనేట్ జతచేశాడు. మొండి బాక్టీరియా మందుని నరికేసే కత్తి ఒకటి తయారుచేసుకుంటుందట. ఆ కత్తికి ఇది అడ్డంపడుతుందట. సరే, బాగానే ఉంది. తర్వాతి చీటీ చూసి నా గుండె జారింది.

"ఈ తెల్ల బిళ్ళ మళ్ళీనా?"

"మళ్ళీ. ఈసారి దాదాపు కాదు."

మంగళవారం

తాళంచెవి తిరిగొచ్చింది. ఈసారి తాళంకప్పతో సహా.

బుధవారం

అయిపోయింది. నవ్వాలో, భయపడాలో తేల్చుకోలేకపోతున్నాను.

హోటళ్ళావిడ వచ్చింది. పొట్టి మనిషి, పెద్ద చేతిసంచి, పెద్ద గొంతు. మేం ఎంచిన కప్పుల్ని వరసగా పెట్టారు, ఆవిడ ముందు నాలుగో శాంపిలు. పెద్దాయన కొత్త కోటు వేసుకున్నాడు. నేను వాచిన చెంప కనపడకుండా కుడివైపు తిరిగి నిలబడ్డాను.

"ఇదండీ మా మొదటి ఎంపిక. మా ఇద్దరు టేస్టర్లూ ఒక్కమాట మీద పైన పెట్టింది. ఈ ఇద్దరూ ఒక్కమాట మీద ఉండటమంటే తూర్పూ పడమరా కరచాలనం చేసుకున్నట్టే" అన్నాడు పెద్దాయన.

ఆవిడ ఒక గుక్క తాగింది. మెల్లగా మింగింది. ఇంకో గుక్క తాగింది. "ఊఁ..." అంది. "మీరు దీన్నే ఎందుకు పైన పెట్టారు? చెప్పండి, నేర్చుకుంటాను."

నేను "లోతు" అనడానికి నోరు తెరిచాను. లోతు అంటే మళ్ళీ ఏమిటి అని అడిగితే? ఆవిడ హోటళ్ళన్నిటిలో, పొద్దున లేచిన వాళ్ళందరూ, నా నోటి మాట మీద... నేను నిజం చెప్పేద్దామనే అనుకున్నాను. ఆ క్షణంలోనే. ఆ మాట ఇక్కడ స్పష్టంగా రాసిపెడుతున్నాను.

తుమ్మెద ఒక అడుగు ముందుకేశాడు.

"అమ్మా, క్షమించాలి. పది రోజులుగా నాకు నోట్లో రుచి లేదు. కడుపులో పుండుకి మందులు వాడుతున్నాను, క్లారిత్రోమైసిన్ అని. ఏది తాగినా చేదూ, తుప్పూ. నేను ఈ టీని రుచి చూసి పైన పెట్టలేదు."

పెద్దాయన మొహం పాలిపోయింది. "మరి ఎలా పెట్టావురా అబ్బాయ్?"

"మా మేడమ్ కనుబొమ చూసి."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నాకు తెలియకుండానే కనుబొమ మీదికి పోయింది. అందరూ నావైపు తిరిగారు. వాచిన చెంప కూడా బయటపడింది.

"నా కనుబొమ పన్ను సలిపి లేచిందండీ" అన్నాను. "నేనూ మందుల్లోనే ఉన్నాను. నాకూ రుచి లేదు. నేను ఈయన కనుబొమ చూసి పైన పెట్టాను."

తుమ్మెద నన్ను చూశాడు. "నా కనుబొమా? నేను లేపింది మీది లేచిందనే కదండీ!"

"మరి అసలు రుచి చూసిందెవరు?" అన్నాడు పెద్దాయన.



పెద్దాయన కోటు విప్పి కుర్చీ మీద పడేశాడు. చెంచా అందుకున్నాడు. నాలుగో కప్పులోంచి ఒక్క జుర్రు జుర్రి, నోరంతా తిప్పి, ఉమ్మేశాడు. "ఇది టీ కాదు, గేటు గొళ్ళెం!" అని అరిచాడు. తర్వాత గోదాములో వెతికితే తేలింది. ఆ సరుకు తడి తగిలి తుప్పుపట్టిన డబ్బాల్లో ఉంది. కప్పులన్నిట్లోనూ నిజంగా ఇనుము ఉన్నది అదొక్కటే. ప్రపంచమంతా ఇనుము రుచిలో ఉన్న మా ఇద్దరికీ అది మిగతావాటికి ఏమాత్రం తేడాగా కనిపించలేదు.

అప్పుడు హోటళ్ళావిడ నవ్వడం మొదలుపెట్టింది. చేతిసంచి ఒళ్ళోంచి జారిపోయేంత నవ్వు. "నాకు మొదటి గుక్కకే మేకు చప్పరించినట్టు అనిపించింది! ఇంత పెద్ద టేస్టర్లు పైన పెట్టారు కదా, నా నోటికే ఏదో అయిందనుకుని రెండో గుక్క కూడా తాగాను. కొనేసేదాన్ని తెలుసా? నాకేం తెలియదనుకుంటారని భయపడి కొనేసేదాన్ని!"

పెద్దాయన అక్కడికక్కడే మిగతా కప్పులన్నీ జుర్రి, రెండు ముందుకు జరిపాడు. ఆవిడ ఒకటి తీసుకుంది. "మిమ్మల్ని నమ్మొచ్చో లేదో తెలియదు గానీ, మీ దగ్గర అబద్ధం ఎక్కువసేపు నిలబడదని మాత్రం తెలిసింది" అంటూ వెళ్ళిపోయింది.

మెట్ల దగ్గర తుమ్మెదా నేనూ నిలబడిపోయాం. గుడ్డివాడి చెయ్యి గుడ్డివాడు పట్టుకుని వారమంతా నడిచామన్నమాట.

"ఎన్ని రకాలు వాడుతున్నారు?" అన్నాను.

"రెండు యాంటీబయాటిక్కులు, పైన యాసిడ్‌ బిళ్ళ. మీరు?"

"రెండే. ఒకటి గోడ, ఒకటి వంశపత్రం."

"నాది గోడ, వంటిల్లు" అన్నాడు. అతని డాక్టరు కూడా అలాగే చెప్పాడట. మా అక్క శిష్యుడై ఉంటాడు.

గురువారం

నిన్న నేను కూడా చెప్పబోయాను. నిజంగా. అడుగు వెయ్యడానికి మడమ కూడా లేపాను.

శుక్రవారం

మడమ లేపలేదు. ఈ పుస్తకం ఎవరూ చదవరు కదా, ఇందులో కూడా అబద్ధం ఎందుకు? "లోతు" అనబోయాను. అతను ముందుకు రాకపోతే లోతు అనే అనేదాన్ని, ఆ తర్వాత "గాఢత" అని కూడా అనేదాన్ని.

మాత్రలు వేళకి వేసుకుంటున్నాను. మా ఆయన ఈల ఊది మరీ వేయిస్తున్నారు.

సోమవారం

కుర్చీ తుమ్మెదకి ఇచ్చారు.

పెద్దాయన నన్ను విడిగా పిలిచి చెప్పాడు. "అమ్మాయ్, నాలుకలో నువ్వు వాడికంటే ఒక మెట్టు పైనే. కానీ వాడు ముందు నోరు తెరిచాడు."

"నాకు తెలుసండీ" అన్నాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన బూట్లు విప్పి, నా పక్కన కూర్చుని, చాలాసేపు నా చెప్పులు సరిగ్గా జతగా సర్దుతూ ఉన్నారు. అవి ముందే జతగా ఉన్నాయి.

అక్క మాత్రం "కోర్సు పూర్తయిందా?" అని అడిగింది. పూర్తయింది. చివరి బిళ్ళ మధ్యాహ్నమే. "ఇన్నాళ్ళకి ఒక పని పూర్తిగా చేశావే" అంది. అభినందన అనే అనుకుంటాను.

శుక్రవారం

రూట్ కెనాల్ అయింది. పన్ను ఇప్పుడు అలంకారానికి మాత్రమే ఉంది.

బుధవారం

తుమ్మెద మందులు కూడా అయిపోయాయి. ఇవాళ కొత్త సరుకు వచ్చింది. పెద్ద కుర్చీలో కూర్చోవడం ఇంకా అలవాటవలేదు కాబోలు, అతను పాత చోటే, బల్ల ఆ చివర నిలబడ్డాడు. నేను ఈ చివర. ఒకరి మొహం ఒకరికి కనపడకూడదని అతనే మధ్యలో ఒక అట్టముక్క నిలబెట్టాడు.

మూడో కప్పు. జుర్రాను. రుచి నాలుక మీద విప్పుకుంది. ముందు వగరు, వెనక ఎండు కట్టె, చివర్న ఎక్కడో తేనె ఉన్నట్టు ఒక జాడ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పన్ను మీద ఒట్టు, నొప్పి కాదు.

"కట్టె" అన్నాను.

"పొగ" అన్నాడు అట్ట అవతలనుంచి.

"పొగేమిటండీ, శుభ్రంగా ఎండిన కట్టె!"

"మేడమ్, కట్టె కాలితే వచ్చేది పొగే."

"ఇది కాలలేదు! కాలని కట్టెకి పొగ ఎక్కణ్ణుంచి వస్తుంది? మళ్ళీ తాగండి!"

"నేనిక్కడ పెద్ద టేస్టర్ని!"

"అయితే పెద్ద గుక్క తాగండి!"

అట్టముక్క కిందపడింది. గదిలో వాళ్ళందరూ పని మానేసి చూస్తున్నారు. పెద్దాయన తన సామాను తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు, వారించడానికి చెయ్యి ఎత్తి మళ్ళీ దించేశాడు. భోజనాల వేళ దాటిపోయింది, మేం ఆ ఒక్క కప్పు దగ్గరే ఉన్నాం, నీళ్ళు మళ్ళీ కాచి, ఆకు మళ్ళీ వేసి, మళ్ళీ జుర్రి.

అది కట్టే.